నిశ్చయ తాంబూలమునకు నిదర్శన పత్రము

మన దేశమున వివాహమునకు మొదటి సాక్షి గ్రామము. పురోహితుడు మంత్రము చెప్పును. తల్లిదండ్రులు కన్యను ధారపోయుదురు. కాని ఈ పిల్ల ఈ పిల్లవానికి నిశ్చయమైనదని, వారికి పెండ్లి జరిగినదని రేపు ఎవరైన అడిగినచో చెప్పునది ఊరు. నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతముల వారికి ఈ సంగతి వేఱుగ బోధింప నక్కఱలేదు. అక్కడ దైవము సైతము ఈ మర్యాదను పాటించుచున్నాడు. ఏటేట సంక్రాంతి వెళ్లిన కనుమనాడు అహోబిల నరసింహస్వామి పల్లకి నెక్కి పారువేటకు బయలుదేరును. నలుబది దినములకు పైగా, ముప్పదికి మించిన గ్రామములు తిరిగి, తన కల్యాణమునకు రండని ప్రజలను స్వయముగా పిలిచి వచ్చును. చెంచులక్ష్మిని చేపట్టిన దేవుడు గనుక చెంచులు ఆయనను తమ ఇంటి అల్లునిగా భావింతురు. లోకనాథుని పెండ్లికే పల్లెజనము సాక్ష్యము కావలసివచ్చినప్పుడు మానవుల పెండ్లి మాట చెప్పవలెనా?

అట్టి సీమయందలి కొత్తపల్లె వంటి పల్లెలో ఒక కన్యకు, అమెరికా పౌరుడైన తెలుగు యువకునితో సంబంధము కుదిరినదనుకొందము. ఆమె పుట్టుకను, పెంపకమును ఊరందఱు ఎఱుగుదురు. నలుగురి యెదుట తాంబూలములు మార్చుకొన్నారు. మన లెక్క ప్రకారము ఇక మిగిలినది ముహూర్తమే. అమెరికా ప్రభుత్వపు లెక్క వేఱు. ఆ కన్య ముంబయి నగరమందలి అమెరికా కాన్సులేటులో ఒక అధికారి యెదుట నిలిచి మూడు ప్రశ్నలకు పత్రములతో సమాధానము చెప్పవలెను. నీ వెవరు? నీ వివాహమునకు చట్టరీత్యా అడ్డంకి యేమైన కలదా? ఈ సంబంధము నిజమైనదేనా? ఊరు నోటితో చెప్పు మూడు మాటలను అక్కడ కాగితము చెప్పవలెను.

ఆ కాగితములను సమకూర్చుకొనుచు పిలుపుకొఱకు ఎదురుచూచు నెలలను గూర్చి కొంత వివరముగా వ్రాయుట అవసరమని మాకు తోచినది. ఏలయన, ఆ నెలలలో దొర్లు తప్పులకు శిక్ష అనుభవించునది అర్జీ నింపిన దళారి కాదు, సంబంధము తెచ్చిన బంధువు కాదు. ఆ పిల్లయే.

ఈ వీసాకు అమెరికావారి చట్టములో కె-1 అని పేరు. వాగ్దత్త వీసా యని మనము పిలువవచ్చును. దీని పుట్టుక యుద్ధములో నున్నది. రెండవ ప్రపంచ యుద్ధమున విదేశములందు పోరాడిన అమెరికా సైనికులు అక్కడి స్త్రీలను పెండ్లాడి తెచ్చుకొనుటకు 1945 డిసెంబరులో ఒక చట్టమును, నిశ్చయము మాత్రమే చేసికొన్నవారిని రప్పించుకొనుటకు 1946 జూన్ 29న మఱియొక చట్టమును చేసిరి. వచ్చిన కన్య మూడు మాసములలో వివాహము చేసికొనవలెను, లేనిచో తిరిగి పోవలెనని ఆనాడే నియమము పెట్టిరి. నేటి తొంబది దినముల గడువునకు మూలము ఇదియే. యుద్ధకాలపు చట్టములు ముగిసిన పిదప, 1970 ఏప్రిలు 7నాటి చట్టముతో ఈ సౌకర్యము స్థిరముగా అమెరికా వలస శాసనములో చేరినది.

ఆ సైనికుల చట్టము వెలువడిన మూడు దినములకు, 1946 జులై 2న, మనకు సంబంధించిన ఇంకొక శాసనము అమెరికాలో వెలువడినది. అంతవఱకు 1917నాటి చట్టము భారతీయులకు ఆ దేశపు వాకిలిని మూసియుంచినది. 1923లో భగత్ సింగ్ థింద్ వ్యాజ్యమున అచ్చటి సుప్రీము కోర్టు భారతీయులు పౌరసత్వమునకు తగిన శ్వేతజాతీయులు కారని తీర్పు చెప్పినది. 1946 శాసనము భారతీయులకు పౌరసత్వపు హక్కు నిచ్చుచు, ఏడాదికి 100 మంది చొప్పున మాత్రము వలసరావచ్చునన్నది. నలుబదికోట్ల జనులున్న దేశమునకు నూఱుగురు! ఈ జాతివారీ కోటాలను తొలగించినది 1965నాటి చట్టము. నేడు కొత్తపల్లె కన్యకు ముంబయి నుండి పిలుపు వచ్చుచున్నదనిన, దానివెనుక ఇంత చరిత్ర కలదు. కనుక ఆ పిలుపును వేడుకగా గాని, భిక్షగా గాని తీసికొనరాదు. అది హక్కులును, బాధ్యతలును కలసిన వ్యవహారము.

ఈ వ్యవహారము సాగు విధమిది. ముందుగా అర్జీ పెట్టవలసినవాడు వరుడు. అతడు అమెరికా పౌరుడై యుండవలెను. స్థిరనివాసపు పచ్చ కార్డు మాత్రమే కలవాడు ఈ మార్గమున కన్యను రప్పింపలేడు. అర్జీకి ఐ-129ఎఫ్ అని పేరు. 2024 ఏప్రిలు 1 నుండి దాని రుసుము 675 డాలర్లు. అర్జీ పెట్టుటకు ముందు రెండేండ్లలో వధూవరులు ఒక్కమాఱైన ముఖాముఖి కలిసికొని యుండవలెను. పెండ్లికి ముందు చూచుకొనుటయే కులాచారమునకు గట్టిగ విరుద్ధమైనచో మినహాయింపు కోరవచ్చును గాని, ఆ ఆచారమును రుజువు చేయుట సులభము కాదు. అర్జీ అంగీకరింపబడిన పిమ్మట కాగితములు ముంబయి చేరును. హైదరాబాదున 2008 నుండి అమెరికా కాన్సులేటు ఉన్నను, వాగ్దత్తల ముఖాముఖి ముంబయిలోనే జరుగును. అంగీకారము నాలుగు మాసములు చెల్లును. అవసరమైన అధికారి పొడిగింపవచ్చును. వీసా చేతికి వచ్చినచో ఒకేఒక్క ప్రవేశమునకు పనికివచ్చును. ప్రవేశించిన దినము మొదలు తొంబది దినములలో, అర్జీ పెట్టిన ఆ వరునితోనే వివాహము జరుగవలెను.

పెండ్లికూతురు తన పెండ్లికి నిదర్శనము చూపవలెననుట అవమానము కాదా యని కొందఱు పెద్దలు అడుగుదురు. ఈ ప్రశ్నకు మన చరిత్రలోనే సమాధానము కలదు. 1860 అక్టోబరులో మదరాసు రేవునుండి బయలుదేరిన ట్రూరో ఓడ మొదలు వేలకొలది తెలుగువారు, తమిళులు ఒప్పందపు కూలీలుగా దక్షిణాఫ్రికాలోని నేటాలునకు పోయిరి. 1913 మార్చిలో అక్కడి కేప్ న్యాయస్థానమున సెర్ల్ న్యాయమూర్తి ఒక తీర్పు చెప్పెను. భర్తకడకు వచ్చిన ఒక భారతీయ స్త్రీని దేశమున అడుగిడనీయని వ్యాజ్యమది. బహుభార్యాత్వమును అనుమతించు మతాచారము ననుసరించి జరిగిన వివాహము ఆ దేశమున చెల్లదని ఆ తీర్పు సారాంశము. ఒక్క కలముపోటుతో హిందువుల, ముసల్మానుల, పార్సీల యిల్లాండ్రు భార్యలు కాకపోయిరి. ఆ యవమానమును సహింపక కస్తూరిబాయి మొదలుగా స్త్రీలు సత్యాగ్రహమునకు దిగి చెఱసాలకు పోయిరి. న్యూకాసిలు బొగ్గుగనులలోని కూలీలు పని మాని గాంధీ మహాత్ముని వెంట నడచిరి. 1914లో భారతీయుల బాధానివారణ చట్టము వచ్చి, ఏకపత్నీ వివాహములకు గుర్తింపు కలిగినది.

ఆనాటి పోరాటము కాగితమును చూపుమన్నందుకు కాదు. చూపినను నీ పెండ్లి పెండ్లి కాదన్నందుకు. ఈ భేదమును మఱువరాదు. తన గడప దాటి వచ్చువారి పూర్వాపరములు విచారించు అధికారము ప్రతి రాజ్యమునకు ఉన్నది. మన రాజ్యమును విచారించుచున్నది. ఆత్మగౌరవమనగా కాగితము చూపననుట కాదు. సత్యమైన కాగితమును తలయెత్తి చూపగలుగుట. ఆ విధముగా చూపగల స్థితిలో మన పల్లెలున్నవా యనునదే అసలు ప్రశ్న.

జనన పత్రమును తీసికొందము. జనన మరణముల నమోదునకు దేశమంతటికి ఒకే చట్టము 1969లో వచ్చినది. అంతకు ముందును, ఆ పిదపను పల్లెలలో దస్త్రములు గ్రామాధికారుల చేతులలో నుండెను. 1984లో కరణ మునసబుల వ్యవస్థ రద్దయినది, దస్త్రములు చేతులు మారినవి, కొన్ని చెదలపాలైనవి. ఇంట పురుడు పోసికొన్న రోజులలో నమోదు చేయించినవారే అరుదు. చేయించినవారును శిశువునకు పేరు పెట్టకముందే వ్రాయించి, పేరు చేర్చించుట మఱచిరి. అట్టి పత్రమున తల్లి పేరు, తండ్రి పేరు ఉండును. పిల్లకు మాత్రము పేరుండదు. బడిలో చేర్చునప్పుడు ఉపాధ్యాయుడు వయస్సు అంచనా కట్టి జూన్ ఒకటియో, జులై ఒకటియో జన్మదినముగా వ్రాసెను. ఇంటి పంచాంగములో ఒక తేది, బడి దస్త్రములో ఒక తేది, ఆధారు కార్డులో వేఱొక తేది! పల్లెలో ఇది నవ్వులాటకు సరిపోవును గాని కాన్సులేటు గవాక్షముకడ నవ్వులాట కాదు.

దీనికి మార్గమున్నది. పంచాయతీలో నమోదు లేనిచో లేదని ధ్రువపఱచు పత్రమును ముందు పొందవలెను. దానికి తోడు తల్లిదండ్రులో, పుట్టుక నెఱిగిన పెద్దలో ఇచ్చు ప్రమాణ పత్రములను, బడి పత్రములను జతపఱుపవలెను. ఏడాది దాటిన జననమును ఆలస్యముగ నమోదు చేయించుటకు వెనుక న్యాయాధికారి యుత్తరువు కావలసియుండెను; 2023లో జరిగిన సవరణతో ఆ యధికారము జిల్లా మేజిస్ట్రేటునకు, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటునకు, వారు నియమించిన కార్యనిర్వాహక మేజిస్ట్రేటునకు సంక్రమించినది. 2022 ఏప్రిలు 4న నంద్యాల ప్రత్యేక జిల్లా యైనది గనుక ఈ ప్రాంతపువారు ఇట్టి పనికి కర్నూలువఱకు పోవలసిన బాధ కొంత తగ్గినది. కాని ఈ పనులు ముఖాముఖికి పిలుపు వచ్చిన పిదప తలపెట్టవలసినవి కావు. అర్జీ అక్కడ నడచుచున్న నెలలలోనే ఇక్కడ ముగింపవలసినవి.

పేరు సంగతి ఇంకను విచిత్రము. మనకు ఇంటిపేరు ముందు, సొంతపేరు వెనుక. ఇంటిపేరును ఒక అక్షరముగ కుదించి వ్రాయుట అలవాటు. పాసుపోర్టులో ఇంటిపేరు గడి ఒకటి, సొంతపేరు గడి ఒకటి యుండును. దరఖాస్తు నింపినవాడు మొత్తమును ఒకే గడిలో కుక్కినచో రెండవ గడి ఖాళీగ మిగులును. అప్పుడు అమెరికా వీసామీద సొంతపేరునకు బదులుగ ఎఫ్.ఎన్.యు. అను మూడక్షరములు పడును. మొదటి పేరు తెలియదని వాని యర్థము. బారసాలనాడు మేనత్త చెవిలో చెప్పిన పేరు, ఊరంతయు ఇరువదియేండ్లు పిలిచిన పేరు, సముద్రము దాటునప్పటికి తెలియని పేరగును! బ్యాంకులో, ఉద్యోగములో, పిల్లల జనన పత్రములో ఆ మూడక్షరములే ఆమెను వెంటాడును. పాసుపోర్టు తీసికొనునాడే దీనిని సరిచూచుకొనవలెను. పత్రములలో పేరు వేఱువేఱుగా నున్నచో, ఆ పేర్లన్నియు ఒకే వ్యక్తివని ప్రమాణ పత్రము సిద్ధపఱుచుకొనవలెను.

మిగిలిన పత్రములు ఇంత చిక్కు కావు గాని వేళ కావలెను. పదునాఱేండ్లు నిండినది మొదలు నివసించిన దేశముల పోలీసు ధ్రువపత్రములు కావలెను. మన దేశపుదానిని పాసుపోర్టు కార్యాలయము ఇచ్చును. రాయలసీమనుండి కువైటునకు, ఇతర గల్ఫు దేశములకు జీవనోపాధికై పోయి వచ్చిన స్త్రీలు అనేకులు. ఆఱు మాసములో, అంతకు మించియో అక్కడ నున్నవారు ఆ దేశపు పత్రమును గూడ తెప్పించుకొనవలెను. దానికి పట్టు కాలము మన చేతిలో నుండదు. వైద్యపరీక్షను కాన్సులేటువారు నియమించిన వైద్యులే చేయవలెను. ఊరి వైద్యుని పత్రము చెల్లదు. టీకాలు ఈ వీసాకు నిర్బంధము కాకున్నను, పెండ్లి యైన పిమ్మట స్థిరనివాసపు అర్జీకి అవసరమగును గనుక ముందే వేయించుకొనుట మేలు. వెనుకటి వివాహము ఇద్దఱిలో ఎవరికున్నను, అది విడాకులతోనో, మరణముతోనో ముగిసినదను పత్రము ఉండితీరవలెను. వితంతువునకు మరుపెండ్లి చేయించుటకు కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1881లో సంఘముతో పోరాడవలసివచ్చినది. నేడు అట్టి స్త్రీకి కావలసినది మొదటి భర్త మరణ పత్రము మాత్రమే. దానినైన సకాలమున నమోదు చేయించి యుంచుట మన కనీస ధర్మము.

ఇంక మూడవ ప్రశ్న: సంబంధము నిజమా? వధూవరుల మధ్య నడచిన ఉత్తరప్రత్యుత్తరములు, మాటలాడిన ఫోను జాబితాలు, కలిసినప్పటి ఛాయాచిత్రములు, అతడు వచ్చిపోయిన విమాన పత్రములు ఇందులకు సాక్ష్యములు. ఇక్కడనే మనవారు ఒక గోతిలో పడుచున్నారు. వాగ్దత్త వీసా కోరునది అవివాహిత. ముఖాముఖినాటికి పెండ్లి జరిగియున్నచో ఆమె వాగ్దత్త కాదు, భార్య. అర్జీ యంతయు వృథా యగును. పిల్లను ఒంటరిగా ఎట్లు పంపుదుమని దిగులుపడు తల్లిదండ్రులు, కొందఱు, బయట తెలియకుండ ఇంటిలోనో, గుడిలోనో తాళి కట్టించుచున్నారు. వారి దిగులు అర్థము కానిది కాదు. కాని 1955నాటి హిందూ వివాహ చట్టము ప్రకారము ఆచారబద్ధముగ జరిగిన వివాహము నమోదు కాకున్నను వివాహమే. సప్తపది నడచినచో ఏడవ అడుగుతో అది పూర్తియగును. అట్లు పెండ్లి చేసి, అవివాహిత యని ప్రమాణముచేసి చెప్పించుట పిల్లచేత అసత్యము పలికించుటయే.

తాళి కట్టింపనివారికిని ఒక చిక్కు గలదు. నేటి నిశ్చితార్థములు పెండ్లిని మించి జరుగుచున్నవి. పందిరి, పూలదండలు, పట్టుబట్టలు, పురోహితుడు, వందలాది బంధువులు! ఆ చిత్రములను చూచిన విదేశీయునకు అది పెండ్లి కాదని ఎట్లు తెలియును? మనకు తెలిసిన భేదమును అతనికి తెలియజెప్పవలసినది మనమే. అది తాంబూలముల వేడుక, మాంగల్యధారణము జరుగలేదు, సప్తపది నడువలేదు అని కన్య స్పష్టముగ చెప్పగలుగవలెను. తాంబూలములను తాంబూలములుగానే, పదిమంది పెద్దల యెదుట, మన పూర్వుల వలె నిరాడంబరముగ జరుపుకొన్నచో ధనమును మిగులును, సందేహమును తీరును.

ఈ చిక్కులన్నిటిని చూపి దళారులు వ్యాపారము చేయుచున్నారు. ఫలానా ప్రశ్నకు ఫలానా జవాబు చెప్పుమని చిలుకపలుకులు నేర్పువారు, లేని పత్రమును పుట్టించువారు, వెనుకటి వీసా తిరస్కారమును దాచుమనువారు పట్టణములలో తక్కువ లేరు. వీరి మాట వినువారు ఒక్క విషయమును గుర్తుంచుకొనవలెను. పత్రము కొఱవడినచో అధికారి ఆపి, తెమ్మని చెప్పును. తెచ్చినచో వ్యవహారము సాగును. అసత్యము బయటపడినచో అమెరికా చట్టము ఆమెను జీవితాంతము నిషేధింపగలదు. లేని కాగితము ఆలస్యము. కల్ల కాగితము సర్వనాశనము. బడి తేదీకి, పంచాయతీ తేదీకి భేదమున్నచో ఉన్నట్లు చెప్పి కారణము వివరించిన కన్యకు సందేహము తీరుటకు దారి మిగులును. ఒకదానిని చెఱిపి వ్రాయించుకొన్న కన్యకు అదియును మిగులదు. ప్రశ్న అర్థము కానప్పుడు తలయూపుటకంటె అర్థము కాలేదని చెప్పుట మేలు. ఇంగ్లీషు రాకపోవుట నేరము కాదు.

ఇంతవఱకు కన్య చూపవలసిన కాగితముల మాట. ఆమె చూడవలసిన కాగితముల మాట ఎవరును చెప్పరు. మా దృష్టిలో ఈ విషయమంతటికి అదియే ప్రాణము. పిల్ల జన్మ తేదిని, నడవడిని, ఆరోగ్యమును రెండు ప్రభుత్వములు పరిశోధించుచుండగా, పిల్లవాని సంగతి మధ్యవర్తి మాటమీదనే నమ్ముట ఏమి న్యాయము? అమెరికా చట్టమే ఆమెకు ఈ విషయమున కొంత హక్కు నిచ్చినది. 2006 జనవరిలో సంతకమైన అంతర్జాతీయ వివాహ మధ్యవర్తుల నియంత్రణ చట్టము ప్రకారము, వరుడు గృహహింస మొదలైన నేరములకు శిక్ష పొందియున్నచో అర్జీలో తెలుపవలెను. ఆ సమాచారమును కాన్సులేటు అధికారి వధువునకు తెలియజేయవలెను. ఆమె హక్కులను వివరించు చిన్నపుస్తకమును ఆమె కీయవలెను. వరుడు పూర్వము ఇట్లే ఇతర కన్యలకొఱకు అర్జీలు పెట్టియున్నచో అదియు లెక్కకు వచ్చును. ఈ పుస్తకమును చాలమంది తెఱచి చూడక సంచిలో నుంచుకొందురు. తీర్థయాత్రలో కొన్న పటము కాదది. చదువవలసినది, చదివించుకొనవలసినది.

వరుని ఆదాయమునకు ఐ-134 అను ప్రమాణ పత్రము చూపుదురు. దానిలో అతని జీతము, పన్నుల లెక్క, ఉద్యోగపు వివరము ఉండును. కన్య దానిని తన దస్త్రములో మోసికొని పోవును గాని చదువదు. చదివినచో అతని ఉద్యోగము పెండ్లిచూపులలో చెప్పినదో కాదో తెలియును. అతని విడాకుల తీర్పు ప్రతి యున్నచో అదియు చదువవలెను. ఇంకొకటి తెలిసికొనవలెను. ఈ ఐ-134 కేవలము వీసా అధికారికి తృప్తి కలిగించుటకు. దానినిబట్టి పోషణ ఖర్చులు న్యాయస్థానమున రాబట్టుట దుర్లభము. పెండ్లి యైన పిదప స్థిరనివాసపు అర్జీతో వరుడు సంతకము చేయు ఐ-864 అను పత్రము వేఱు. అది చట్టముచే కట్టుబడునట్టిది. ఈ భేదము తెలిసిన పిల్ల, అక్కడికి పోయిన పిమ్మట ఏ కాగితమును గూర్చి పట్టుపట్టవలెనో ఎఱుగును.

తొంబది దినములు అనగా ఏమో కూడ ఆమెకు తెలియవలెను. ఆ గడువులో వరుడు పెండ్లికి వెనుకాడినచో ఆమె తిరిగి రావలసినదే. అక్కడ వేఱొకరిని పెండ్లాడి స్థిరపడుటకు ఈ వీసా ఒప్పదు. ఉద్యోగమునకు ప్రత్యేకముగ అనుమతి పత్రము కావలెను. స్థిరనివాసపు అర్జీ తేలకముందు అనుమతి లేక దేశము దాటినచో అర్జీ విడిచినట్లే భావింతురు. పుట్టింట పెండ్లియైనను, చావైనను ఇది తప్పదు. 1986నాటి చట్టము ప్రకారము కొత్త దంపతులలో వచ్చినవారికి మొదట రెండేండ్ల షరతుతో కూడిన నివాసమే యిత్తురు; షరతు తొలగుటకు మరల ఇరువురు కలసి అర్జీ పెట్టవలెను. ఈ రెండేండ్లును భర్త సంతకము భార్య మెడమీద కత్తివలె నుండరాదని, బాధింపబడిన భార్య తానొక్కతెయే అర్జీ పెట్టుకొను మార్గమును 1994నాటి మఱియొక చట్టము విశాలము చేసినది. మన దేశమున, విదేశములందలి భర్తలచే విడువబడిన స్త్రీల ఫిర్యాదులను విచారించుటకు జాతీయ మహిళా కమిషనులో 2009 నుండి ప్రత్యేక విభాగమున్నది. వీటి పేర్లు పిల్లకు పయనపునాడు చెప్పుట అపశకునమని భావించువారున్నారు. నావ ఎక్కినవానికి ఈత నేర్పుట అపశకునమైనచో ఇదియు నట్టిదే.

ఇంతటి ప్రయాస ఏల, ఇక్కడనే పెండ్లి చేసి పంపరాదా యని అడుగవచ్చును. పంపవచ్చును. స్వగ్రామమున బంధుమిత్రుల యెదుట వివాహము జరిపి, నమోదు చేయించి, భార్యగా వలస వీసా కోరు మార్గము వేఱుగ నున్నది. మన రాష్ట్రమున వివాహముల నమోదును నిర్బంధము చేయుచు 2002లోనే చట్టము వచ్చినది. ఆ మార్గమున వేచియుండు కాలము తఱచు హెచ్చును గాని, అమెరికాలో అడుగిడిన నాడే ఆమెకు స్థిరనివాసపు హక్కు లభించును. తొంబది దినముల గండము లేదు. వరునికి సెలవు, కుటుంబ పరిస్థితులు అనుకూలించినచోట మేము ఈ రెండవదానినే మెచ్చుకొందుము. ఏది యెన్నుకొన్నను, రెంటిని తెలిసి, పిల్లను అడిగి యెన్నుకొనవలెను. వాకిట ముగ్గు ఏ రంగు వేయుదమని అడిగి, ఆమె బ్రతుకు ఏ త్రోవను పోవునో అడుగకుండుట ఏమి మర్యాద?

గ్రామములు చేయవలసినది కొంత కలదు. పిల్లకు పేరు పెట్టిననాడే పంచాయతీ దస్త్రములో చేర్పింపవలెను. బడిలో అంచనా తేదీలు వ్రాయు అలవాటు సమూలముగ పోవలెను. 2019 అక్టోబరు నుండి గ్రామ సచివాలయములు వెలసినవి; అక్కడి ఉద్యోగి ఒక జనన పత్రమును అలసత్వమున ఆపినప్పుడు, తాను ఆపినది కాగితమును కాదు, ఒక కన్య ముహూర్తమును అని గ్రహింపవలెను. పెద్దలు తమ సాక్ష్యము నోటిమాటతో ముగియక ప్రమాణ పత్రముగ వ్రాసి యిచ్చుటకు జంకరాదు. ఊరి సాక్ష్యమునకు కాలము చెల్లలేదు. అది కాగితముమీదికి ఎక్కవలసియున్నది, అంతే.

కుటుంబము చేయవలసినది అంతకంటె చిన్నది. పెండ్లి నగలకు పెట్టె కొందురు. ఈ పత్రములకు గూడ ఒక పెట్టె కొనుడు. అసలు పత్రములు, నకళ్లు, ఇంగ్లీషు అనువాదములు వేఱువేఱు కట్టలుగా కట్టి, వరుని పత్రముల ప్రతులు సైతము చేర్చి, తాళపుచెవి పిల్ల చేతికే ఇయ్యుడు. ఆ పెట్టెలోని ప్రతి కాగితమును ఆమె స్వయముగా చదివి, అర్థము చెప్పగలుగు వఱకు ముంబయి బండి ఎక్కింపకుడు. అధికారి యెదుట ఆమెకు ధైర్యము నిచ్చునది అదియే. తొంబది దినములు గడచినను, తొమ్మిదేండ్లు గడచినను, పరదేశమున ఆమె పక్షమున మాటలాడుటకు సిద్ధముగ నుండు పుట్టింటివారు ఆ కాగితములే.